‘అవును’ అంటే ఒప్పుకున్నట్టేనా?

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో అబోరిజినల్ పిల్లల తరఫున వాదించే లాయర్‌కు మొదటి చిక్కు భాషతోనే. మారుమూల ఊళ్ల పిల్లలకు ఇంగ్లిష్ తరచూ రెండో భాషో మూడోదో. పోలీసులు ఏమడిగినా ‘అవును’ అనేస్తారు. చాలాసార్లు అది మర్యాద, లేదా మాట తొందరగా ముగించాలన్న ఆత్రం. ఈ ప్రమాదం గుర్తించి అక్కడి సుప్రీంకోర్టు 1976లో అనుంగా కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది: దుభాషి ఉండాలి, నమ్మకమున్న మనిషి పక్కన కూర్చోవాలి, పోలీసు హెచ్చరిక అర్థాన్ని నిందితుడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. కాగితం మీద బాగానే ఉంది. ఆ ఊళ్లకు కోర్టే అప్పుడప్పుడు వస్తుంది. లాయర్లు కాస్త ముందు చేరుకుని వరసగా క్లయింట్లను కలుస్తారు.

నేర బాధ్యత వయసును 2023లో 10 నుంచి 12కు పెంచారు. 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ 10కి దించారు. అంటే అయిదో తరగతి పిల్లాడికి ‘మౌనంగా ఉండే హక్కు’ అంటే ఏమిటో ఆ కొద్ది సమయంలోనే లాయర్ వివరించాలి.