ఇల్లు మారే రోజున ముందు దిగవలసిన పెట్టె

ఇల్లు మారే రోజు గందరగోళమంతా సామాను ఎక్కువ కావడం వల్లనే వస్తుందని సాధారణంగా అనుకుంటారు గానీ, పాత మంచం తీసుకువెళ్ళాలా అమ్మేయాలా, బీరువా ఏ గదిలో పెట్టించాలి, గ్యాస్ సిలిండర్ ఎవరికి అప్పగించాలి వంటి విషయాలను వారాల తరబడి వాయిదా వేసి, లారీ గుమ్మం ముందు ఆగి హమాలీలు ఎదురు చూస్తున్న వేళ ఒక్కసారిగా తేల్చవలసి రావడమే అందుకు అసలు కారణం. మనిషి మనసు ఒకే సమయంలో పట్టి ఉంచుకోగల అంశాలు చాలా కొద్ది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రచురించిన వ్యాసంలో ఆ సంఖ్యను సుమారు ఏడుగా పేర్కొనగా, అది అంతకన్నా తక్కువేనని తరువాతి పరిశోధకులు పలువురు అభిప్రాయపడ్డారు. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా, నిర్ణయాలన్నీ ముందే కాగితం మీద పెట్టి, ఆ రోజును కేవలం మోయడానికీ దించడానికీ మిగుల్చుకోవడమే ఈ పనిలో ప్రధాన సూత్రం.

ఈ విషయంలో తెలుగు ఇళ్ళ ఆనవాయితీకి ఆచరణలో ఒక గొప్ప ప్రయోజనం ఉంది. మంచి రోజు చూసుకుని, దేవుడి పటం, పసుపు, కుంకుమ, ఉప్పు, బియ్యం, పాలగిన్నెతో కొత్త ఇంట అడుగుపెట్టి పాలు పొంగించి, బరువైన సామానును తరువాత వీలు చూసుకుని తరలించే కుటుంబాలు చాలా ఉన్నాయి. దీనివల్ల నీళ్ళు వస్తున్నాయా, కరెంటు ఉందా, పొయ్యి వెలుగుతుందా అన్నవి సామాను రాకముందే తెలిసిపోతాయి. అయితే ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి నెలలనూ, గురువు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి దగ్గరగా ఉండి కనిపించని కాలమైన మూఢాన్నీ వదిలేసి చాలామంది మిగిలిన కొద్ది ముహూర్తాలనే ఎంచుకోవడం వల్ల, ఆ రోజుల్లో వాహనాలకూ మనుషులకూ కొరత ఏర్పడి బాడుగలు పెరుగుతాయి. ప్రవేశం ముహూర్తానికి, తరలింపు మామూలు రోజున అన్న విభజన అందుకే మేలైనది.

పాలు పొంగించడానికి వెళ్ళే ఆ చిన్న సంచిలో ఉన్న ఆలోచననే మొత్తం తరలింపుకు విస్తరింపజేయవచ్చు. కొత్త ఇంట మొదటి రాత్రి, మర్నాటి ఉదయం గడవడానికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో సర్ది, వాహనంలో అన్నిటికన్నా చివర ఎక్కిస్తే అది అన్నిటికన్నా ముందు దిగుతుంది. రెండు గిన్నెలు, గరిటె, చాకు, టీపొడి, పంచదార, రోజూ వేసుకునే మందులు, సబ్బు, తువ్వాళ్ళు, ఫోన్ ఛార్జర్లు, టార్చిలైటు, స్క్రూడ్రైవర్, చీపురు, ఒక జత పక్కదుప్పట్లు ఇందులో ఉండాలి. బంగారం, నగదు, ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం ఈ పెట్టెలో కూడా పెట్టకూడదు. అవి ఇంటివారిలో ఒకరి చేతిసంచిలోనే ప్రయాణించాలి.

సర్దడంలో అత్యంత కష్టమైన గది వంటగది. పుస్తకాలు, పప్పుదినుసులు వంటి బరువైనవాటిని చిన్న అట్టపెట్టెల్లోనూ, దిండ్లు, దుప్పట్ల వంటి తేలికైనవాటిని పెద్దవాటిలోనూ పెట్టాలి. దీన్ని తారుమారు చేస్తే పెట్టె అడుగు ఊడిపోతుంది, మోసేవారి నడుము దెబ్బతింటుంది. గ్రైండర్‌లోని రాళ్ళను తీసి విడిగా చుట్టకపోతే అవి కదిలి పాత్రను దెబ్బతీస్తాయి. ఆవకాయ జాడీ సంగతి మరీ సున్నితమైనది: పింగాణీ పగిలే గుణం కలది, పైన తేలే నూనె ఏ చిన్న సందులోంచైనా కారేది, ఆ నూనె తగిలిన బట్టల మీద మరక ఒక పట్టాన వదలనిది. అందుచేత నిండు జాడీలోని ఊరగాయను కొంత మరో సీసాలోకి తీసి, అంచులు పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, శుభ్రమైన పొడిబట్టతో వాసెన గట్టిగా కట్టి, మూతపెట్టి, దానిపై ప్లాస్టిక్ కాగితం చుట్టి, పాత దుప్పటి పరిచిన బకెట్లో నిలువుగా నిలబెట్టి తీసుకువెళ్ళడం ఉత్తమం. ఏడాదికి సరిపడా పెట్టుకున్న పచ్చడి తడి తగిలి బూజు పడితే మళ్ళీ మామిడికాయల కాలం దాకా ఆగవలసిందే కనుక, ఈ శ్రమ అతిజాగ్రత్త కాదు.

విద్యుత్ పరికరాలకు ముందురోజే పని మొదలవుతుంది. ఫ్రిజ్‌ను ముందుగా ఆపి, మంచు కరిగించి, నీరు తుడిచి, వీలైనంతవరకు నిలువుగానే తరలించాలి. దాని అడుగున ఉండే కంప్రెసర్‌లో, అంటే చల్లబరిచే వాయువును ఒత్తిడితో తిప్పే యంత్రంలో, కందెన నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ను పడుకోబెడితే ఆ నూనె గొట్టాల్లోకి పారుతుంది. అది తిరిగి కిందికి దిగేలోగా స్విచ్ వేస్తే కంప్రెసర్ పాడయ్యే ప్రమాదం ఉంది కనుక, కొత్త ఇంట్లో కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే కరెంటు ఇవ్వాలి. ఏసీని విప్పేముందు మెకానిక్ అందులోని గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి మళ్ళించి బంధించాలి. ముందువైపు తలుపుండే వాషింగ్ మెషీన్‌కు కొన్ననాడు తీసి దాచిన రవాణా బోల్టులను తిరిగి బిగిస్తే లోపలి డ్రమ్ము కుదుపులకు కొట్టుకోదు. ఇన్వర్టర్ బ్యాటరీని ఎట్టి పరిస్థితుల్లోనూ ఒరగనివ్వరాదు. అందులో ఆమ్లం ఉంటుంది.

ఊరు మారేవారు 14.2 కిలోల గృహావసర సిలిండర్‌ను, రెగ్యులేటర్‌ను తమ గ్యాస్ ఏజెన్సీకి తిరిగి అప్పగిస్తే, డిపాజిట్ సొమ్ముతోపాటు టర్మినేషన్ వోచర్ ఇస్తారు. పాత కనెక్షన్ ముగిసిందని తెలిపే ఈ పత్రం కొత్త ఊళ్ళో కనెక్షన్ తీసుకోవడానికి అవసరం కాబట్టి, దాన్ని కూడా చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇక తరలింపు రోజున పాత ఇంట ఒకరు, కొత్త ఇంట ఒకరు బాధ్యత తీసుకోవడం అవసరం. ప్రతి పెట్టె మీద వరుస సంఖ్యను, అది చేరవలసిన గది పేరును పైన కాక పక్కన రాస్తే, ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు కూడా కనిపిస్తుంది. అదే సంఖ్యకు ఎదురుగా లోపలి వస్తువులను ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. పాత ఇంటి తాళం ఇచ్చేముందు అటకలు, తలుపుల వెనుక కొక్కేలు, బాల్కనీ తీగలు ఒకసారి చూసి, కరెంటు మీటరు అంకెలను ఫొటో తీసి యజమానికి పంపితే తరువాత అడ్వాన్సు లెక్కల్లో తగువు ఉండదు.

రవాణా సంస్థ ద్వారా వెళ్ళే సామాను విషయంలో రసీదే ఆధారం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు పోయినా దెబ్బతిన్నా రవాణాదారుపై దావా వేయాలంటే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. అందువల్ల దిగిన పెట్టెలను నోటుబుక్కుతో సరిచూసి, తగ్గినదాన్నీ పగిలినదాన్నీ రసీదు మీదనే రాయించి, ఆ తరువాతే సంతకం చేయాలి.