మైకుకు వినపడని నాలుక కదలికలు

ఫోనుకు నోటితోనే పనులు చెప్పడం మనకు అలవాటైపోయింది. మన మాటను అది ఎలా పోల్చుకుంటుందన్న విషయంలో మాత్రం అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ప్రతి అక్షరానికీ ఒక ధ్వని ఉంటుంది. యంత్రం వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి వరుసగా పేరుస్తుంది.

వాస్తవం: అద్దం ముందు నిలబడి 'కీ' అనండి. తర్వాత 'కూ' అనబోయి ఆగండి. గొంతు పెగలకముందే పెదవులు గుండ్రంగా ముందుకొచ్చేసి ఉంటాయి. పైగా 'కీ' అనేటప్పుడు నాలుక అంగిటికి కాస్త ముందుగా తగులుతుంది, 'కూ' అనేటప్పుడు వెనగ్గా. రాతలో ఒకటే కకారం, చెవిన పడేది రెండు రకాలు. ఒక అక్షరం ముగియకుండానే నోరు తర్వాతిదానికి సిద్ధమైపోతుంది.

అపోహ: గబగబా మాట్లాడుతూ మింగేసిన అక్షరాన్ని పలకనట్టే లెక్క.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. అమెరికాలోని హాస్కిన్స్ లేబొరేటరీస్‌లో పనిచేసిన క్యాథరిన్ బ్రౌమన్, లూయీ గోల్డ్‌స్టీన్‌లు ఎక్స్‌రే సాయంతో నమోదైన నాలుక కదలికలను పరిశీలించారు. 'పర్ఫెక్ట్ మెమొరీ' అని వేగంగా అన్నప్పుడు 'ట్' వినపడలేదు. నాలుక కొన మాత్రం పైకి లేచి తన పని తాను చేసింది! అప్పటికే 'మ' కోసం పెదవులు మూసుకోవడంతో ఆ చప్పుడు బయటికి రాలేదు, అంతే. ఈ దృష్టితో చూస్తే, ఏ అక్షరం ఎప్పుడు లోపిస్తుందో యంత్రానికి గుట్టలకొద్దీ నియమాలు నేర్పనక్కర్లేదు. రెండు కదలికలు ఒకదానిమీద ఒకటి పడ్డాయని అది గ్రహిస్తే చాలు.

అపోహ: ఇందుకు మాట్లాడే ప్రతివారి నాలుకకూ సెన్సర్లు అంటించాలి.

వాస్తవం: అక్కర్లేదు. కొద్దిమందికి అంటించి కదలికలు కొలుస్తారు. ధ్వనినిబట్టి కదలికను అంచనా వేయడం కంప్యూటర్‌కు నేర్పాక, మిగతావాళ్ల గొంతు వింటే సరిపోతుంది.

అపోహ: వేల గంటల రికార్డింగులుంటే నోటి సంగతి తెలియకపోయినా ఫరవాలేదు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. నేటి న్యూరల్ నెట్‌వర్కులు నాలుక గురించి విడిగా ఏమీ చెప్పకపోయినా బాగానే పనిచేస్తున్నాయి. కానీ అన్ని రికార్డింగులు లేనివాళ్ల మాటేమిటి? ముందు పిల్లల సంగతి చూడండి. స్వరపేటిక నుంచి పెదవులదాకా ఉండే మార్గం పెద్దవాళ్లయిన మగవారిలో సుమారు 17 సెంటీమీటర్లు. పిల్లల్లో అది ఇంకా పొట్టి, కాబట్టి అందులో ప్రతిధ్వనించే పౌనఃపున్యాలు పైకి జరుగుతాయి. పెద్దల గొంతులతో నేర్చుకున్న యంత్రం పిల్లల దగ్గర తడబడడానికి ఇదొక కారణం. ఈ పొడవు తేడాను సరిచేసే పద్ధతులు 1990ల నుంచే వాడుకలో ఉన్నాయి. పక్షవాతంతో నాలుక సరిగా తిరగని మనిషిని గంటల తరబడి మాట్లాడి రికార్డు చేసిమ్మని అడగలేం. ఆ నాలుక ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతోందో అర్థం చేసుకునే యంత్రం ముందుగా కావలసింది అలాంటివాళ్లకే.