కార్తీక వనభోజనాలకు వ్యానులో గ్యాస్ సిలిండర్ ఎందుకు వద్దంటున్నాం?

కార్తీక మాసం దగ్గర పడేసరికి మన బెళ్ళందూరు, ఇబ్బలూరు, హరళూరు వైపు తెలుగు కుటుంబాలు నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని బయలుదేరడం ఏళ్ళ తరబడి అలవాటు. లేపాక్షి, మంత్రాలయం, అహోబిలం, శ్రీశైలం, ఎటు వెళ్ళినా వెనక సీటు కింద ఒక సిలిండరు, ఒక పొయ్యి, రెండు గిన్నెలు తప్పవు. దారిలో బయటి తిండి పడని పెద్దవాళ్ళుంటారు, పాలు కాచాల్సిన పసిపిల్లలుంటారు. ఈమధ్య మన పిల్లలు వ్యానులోనే పడుకుని, వ్యానులోనే వండుకునే క్యాంపింగుకు కూడా వెళ్తున్నారు.

ఈసారి సంఘం తరఫున వెళ్ళే బళ్ళలో సిలిండరు ఎక్కించకూడదని కమిటీ తీర్మానించింది. "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన మాటే. అందుకే సంగతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మొదట గ్యాస్ స్వభావం తెలుసుకుందాం. మన ఇంటి సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి వల్ల లోపల ద్రవంగా ఉంటుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే దాదాపు 250 లీటర్ల వాయువు అవుతుంది. దీనికి సొంతంగా రంగూ లేదు, వాసనా లేదు. మనకు తెలిసే ఘాటైన వాసన లీకు పసిగట్టడానికి కావాలని కలిపినది. ఈ వాయువు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకని పైకి పోదు, నీళ్ళలాగా కిందకు దిగి నేలమీద పరుచుకుంటుంది. కిటికీలు తెరిచి ఉన్నా వ్యాను అడుగున, సీట్ల కింద, మెట్ల దగ్గర నిలబడిపోతుంది.

గాలిలో ఈ గ్యాస్ వందకు సుమారు 2 పాళ్ళ నుంచి 9 పాళ్ళ మధ్య ఉంటే నిప్పు తగలగానే అంటుకుంటుంది. గుమాస్తాగా బతికినవాణ్ణి కాబట్టి ఒక చిన్న లెక్క చెప్తాను. లీటరు ద్రవం బరువు అర కిలోకు కాస్త ఎక్కువ. అది 250 లీటర్ల వాయువై నూటికి రెండు పాళ్ళ చొప్పున కలిస్తే 12,500 లీటర్ల గాలి మండే గాలి అవుతుంది. అంటే పన్నెండున్నర ఘనమీటర్లు. ఒక మామూలు టెంపో ట్రావెలర్ లోపలి చోటు ఇంచుమించు అంతే. నిండు సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అందులో ఇరవయ్యో వంతు కారినా బండి మొత్తం సరిపోతుంది. గ్యాస్ అడుగున చేరుతుంది కాబట్టి నేల దగ్గర ఇంకా తక్కువకే ప్రమాదం వచ్చేస్తుంది. పది గుమ్మాలు, కిటికీలు ఉన్న ఇంటికీ వ్యానుకూ ఉన్న తేడా ఇదే.

ఇక నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది? అగ్గిపుల్ల ఒక్కటే కాదు. బండి స్టార్ట్ చేసినప్పుడు స్టార్టర్ మోటారులో, ఏసీ బ్లోయర్లో, లైటు స్విచ్చిలో, ఇన్వర్టర్లో, ఫ్రిజ్జులో మిణుగురంత నిప్పు రవ్వ పుడుతుంది. అది చాలు. డాష్‌బోర్డు మీద దేవుడి పటం ముందు వెలిగించిన అగరుబత్తీ కూడా చాలు.

27 జూన్ 2014 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను కారి, ఆ వాయువు ఊళ్ళోకి పరుచుకుంది. టీ కొట్టు పొయ్యి వెలిగించగానే ఊరంతా అంటుకుందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఇరవై మందికి పైగా పోయారు. అది పైపులైను గ్యాస్, మనది సిలిండరు గ్యాస్. కానీ పాఠం ఒకటే: గ్యాస్ కారిన చోటా నిప్పు ఉన్న చోటా ఒకటే కానక్కరలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 26 ఆగస్టు 2023న మదురై స్టేషను యార్డులో జరిగింది. లక్నో నుంచి తీర్థయాత్రకు వచ్చినవాళ్ళు తమ కోసం మాట్లాడుకున్న రైలు పెట్టెలో దొంగచాటుగా సిలిండరు తెచ్చుకున్నారు. తెల్లవారుజామున టీ కాయబోతే పెట్టె అంటుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళూ మనలాంటి యాత్రికులే, చేసిందీ మనం చేసే పనే. రైల్లో సిలిండరు తీసుకెళ్ళడం రైల్వే చట్టం ప్రకారం నేరం, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. జనం ఎక్కే బస్సు, వ్యానులో మండే సరుకు ఎక్కించడానికీ చట్టం ఒప్పుకోదు.

బండిలో మంట పుడితే దిగడానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో బెంగళూరు తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 30 అక్టోబరు 2013న ఇక్కడి నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. 24 అక్టోబరు 2025న హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చే బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలి ఇరవై మంది దాకా పోయారు. అవి గ్యాస్ ప్రమాదాలు కావు. కానీ నిద్రలో ఉన్నవాళ్ళకు తలుపు దొరకలేదన్నది రెండింటిలోనూ నిజం. మన బండిలో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటారు. దిగే గుమ్మం సాధారణంగా ఒక్కటే. ఆ గుమ్మం దగ్గరే సిలిండరు ఉంటే ఏమిటి పరిస్థితి?

ఇప్పుడు పైపు సంగతి. సిలిండరు అంత తేలిగ్గా పగలదు. కారేది ఎక్కువగా పైపు, రెగ్యులేటరు, వాటి అతుకుల దగ్గరే. వంటింట్లో పైపు కదలకుండా ఉంటుంది. బండిలో గుంతకొక కుదుపు, మలుపుకొక లాగుడు. క్లిప్పు వదులవుతుంది, పైపు సీటు ఇనుముకు ఒరుసుకుంటుంది. నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు వైర్లు కొరకడం మన అపార్టుమెంటు పార్కింగుల్లో అందరూ చూసిందే, పైపును మాత్రం వదులుతాయా?

ఇంట్లోనైనా, బయటైనా ఈ కిందివి చూసుకోండి.

పైపు: గ్యాస్ ఏజెన్సీ ఇచ్చే నారింజ రంగు సురక్ష పైపే వాడాలి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది, పైన ఐఎస్ఐ గుర్తు, తయారీ సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అయిదేళ్ళకు మార్చెయ్యాలి. పగుళ్ళు కనిపించినా, లోపలి తీగ బయటపడినా అయిదేళ్ళు ఆగక్కరలేదు. రెండు ముక్కలు అతికించవద్దు. మూతికి ఎక్కడం లేదని మంట మీద వేడిచేసి తొడగవద్దు. పైన గుడ్డ, కవరు చుట్టవద్దు, పగులు కనిపించదు.

రెగ్యులేటరు: వంటవాళ్ళు తెచ్చే పెద్ద పొయ్యిలకు హై ప్రెషర్ రెగ్యులేటరు ఉంటుంది. ఇంటి పైపు ఆ ఒత్తిడికి చేసింది కాదు. రెండూ కలపకూడదు.

సిలిండరు: పైన పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ-27 అంటే 2027 జనవరి-మార్చిలో పరీక్షకు వెళ్ళాలని. గడువు దాటితే తీసుకోవద్దు. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది. సందుల్లోని కొట్లలో పెద్ద సిలిండరు నుంచి నింపి ఇచ్చే గుర్తులేని చిన్న సిలిండర్లు అసలు ముట్టవద్దు. కావాలంటే గ్యాస్ కంపెనీలే 5 కిలోల సిలిండరు గుర్తింపు కార్డు చూసి అమ్ముతాయి.

పరీక్ష: సబ్బు నీళ్ళు అతుకుల మీద రాయండి. బుడగలొస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో ఎన్నడూ చూడవద్దు. ముక్కు మీద ఒక్కదానిమీదే ఆధారపడవద్దు. వయసుతో మనకు వాసన శక్తి తగ్గుతుంది, కాసేపు పీల్చాక ఎవరికైనా ఆ వాసన తెలియడం మానేస్తుంది.

క్యాంపింగుకు వెళ్ళే పిల్లలకు ఒక మాట. చలికి వ్యాను అద్దాలన్నీ మూసి లోపల పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించవద్దు. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట బండి బయటే, నేలమీద, గాలికి అడ్డంగా కాకుండా చూసుకుని చేయండి. అయ్యాక ముందు సిలిండరు నాబు, తర్వాత పొయ్యి నాబు కట్టి, రెగ్యులేటరు తీసి మూత పెట్టండి.

దారిలో వాసన వస్తే: బండి పక్కకు ఆపి ఇంజను ఆపేయాలి. స్విచ్చి ఏదీ వేయవద్దు, తీయవద్దు. తలుపులన్నీ తెరిచి అందరూ దిగాలి, ముందు పెద్దలూ పిల్లలూ. చేతికి అందితే సిలిండరు కట్టేయాలి. గాలి వచ్చే వైపు దూరంగా వెళ్ళాక మాత్రమే ఫోను తీయాలి. గ్యాస్ లీకుకు 1906, మంటలకు 101, ఏ అత్యవసరానికైనా 112. మంట మొదలైతే సామాను కోసం ఎవరూ వెనక్కి వెళ్ళవద్దు.

సిలిండరు లేకపోతే తిండి సంగతేమిటంటారా? పులిహోర, దద్ధోజనం, చపాతీలు ఇంటి నుంచే వస్తాయి. పాలు, కాఫీకి వేడినీళ్ళు పెద్ద ఫ్లాస్కుల్లో పోసుకుందాం. వేడిగా వండాలనుకునే చోట అక్కడి సత్రంలో గానీ, వంటవాళ్ళతో గానీ ముందే మాట్లాడుకుందాం. ఖర్చు మనిషికి కొంచెం పెరుగుతుంది. ఎంతన్నది లెక్క కట్టి వచ్చే సమావేశంలో అందరి ముందూ పెడతాను.

నీళ్ళున్న చెరువు మీదే మంటలు లేచిన ఊరు మనది. 2015లో నురుగు అంటుకుంటే, 2018లో సైనికులు వచ్చి ఆర్పితే చెరువు గట్టున నిలబడి చూసినవాళ్ళం. గ్యాసుకు, గాలికి, నిప్పురవ్వకు ఒక చోట కలిసే వీలు ఇవ్వకూడదని మనకు ఇంకొకరు నేర్పక్కరలేదు. బయలుదేరే ముందు మీ ఇంటి పైపు మీద సంవత్సరం ఒకసారి చదవండి. అయిదేళ్ళు దాటి ఉంటే యాత్రకంటే ముందు అది మార్చండి.