ముడతల కన్నా ముందు మంగు

1987లో కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారథర్స్ అనే కంటి డాక్టరు దగ్గరికి వచ్చిన ఒకావిడ చిన్నబుచ్చుకుంది. ఆమెది కనురెప్పలు తమంతట తామే గట్టిగా మూసుకుపోయే జబ్బు. దాన్ని అదుపు చేయడానికి డాక్టరు కళ్ల చుట్టూ బొటులినం అనే మందును అతి కొద్ది మోతాదులో సూదితో ఇచ్చేవారు. ఈసారి కనుబొమల మధ్య ఎందుకు ఇవ్వలేదని ఆవిడ అడిగింది. అక్కడ కండరం బిగుసుకోవడం లేదు కదా అన్నారు డాక్టరు. నిజమే కానీ, అక్కడ ఇచ్చినప్పుడల్లా తన ముఖం ఎంతో ప్రశాంతంగా కనిపిస్తోందని ఆవిడ చెప్పింది. జీన్ ఆ మాటను ఇంటికి తీసుకెళ్లారు. భర్త అలస్టెయిర్ చర్మ వైద్యుడు. నుదుటి గీతలు పోగొట్టమని వచ్చేవాళ్లకు ఏం చేసినా తృప్తి కలగక ఆయన సతమతమవుతున్న రోజులవి. మొదటి ప్రయోగానికి వాళ్ల క్లినిక్ రిసెప్షనిస్టు తన నుదురు ఇచ్చింది. 1992లో ఆ దంపతులు ఫలితాలు ప్రచురించారు. బొటాక్స్ పేరుతో అమ్మే ఈ మందును కనుబొమల మధ్య గీతలకు వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతించింది.

ఫిలడెల్ఫియాలోనూ ఇలాంటిదే జరిగింది. చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ మొటిమలకు ట్రెటినాయిన్ అనే పూతమందు ఇచ్చేవారు. అది వాడుతున్న నడివయసు స్త్రీలు, ముఖం నున్నబడిందనీ సన్నగీతలు తగ్గాయనీ వచ్చి చెప్పారు. ఆయన పరీక్షించి చూసి 1986లో ఆ సంగతి ప్రకటించారు. ముడతలు కొంతైనా తగ్గిస్తాయని గట్టి ఆధారాలున్న పూతమందుల్లో ఇవాళ్టికీ ట్రెటినాయిన్‌దే ముందు వరస.

వయసు దాచుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లే ఆడవాళ్లంటే మన దగ్గర చిన్నచూపు ఉంది. ప్రకటనలు చూసి మోసపోయారనో, సోకు ఎక్కువైందనో అనేస్తారు. కానీ ఈ రెండు మందుల విషయంలోనూ మార్పును ముందు పసిగట్టింది ఆడవాళ్లే. డాక్టర్లు ఆ తర్వాత అందుకున్నారు. తమ ముఖం గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. లోపం ఎక్కడుందంటే, ఆ ముఖానికి వయసు ఎలా వస్తుందో వాళ్లకు ఎవరూ సరిగా చెప్పరు.

చర్మం లోపలి పొరకు బిగువునిచ్చేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. ఇరవైలు దాటాక అది ఏటా కొద్దికొద్దిగా తరుగుతుంది. దానికి ఎండ తోడైతే తరుగుదల వేగం అందుకుంటుంది. 2012లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన అమెరికన్ ట్రక్కు డ్రైవరు ఫొటో చూసినవాళ్లు మరిచిపోలేరు. అతని వయసు 69. 28 ఏళ్లు బండి నడిపాడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి, కిటికీ పక్కనుండే ఎడమ చెంప మీద చర్మం మందంగా, లోతైన మడతలతో వేలాడుతోంది. కుడి చెంప చూస్తే అతని కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన తమ్ముడిదేమో అనిపిస్తుంది. మనిషి ఒకడే, వయసూ ఒకటే. అతినీలలోహిత కిరణాల్లో 'ఏ' రకం కిటికీ అద్దం దాటి లోపలికి రావడమే ఆ తేడాకు కారణం.

ఆ డ్రైవరుది తెల్లచర్మం. మనది వేరు. చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ, అది గొడుగులా కాపాడుతుంది. అందుకే తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ముడతలు దాదాపు పదేళ్లు ఆలస్యంగా వస్తాయి. కానీ ఆ మెలనిన్ తయారుచేసే కణాలు మహా చురుకైనవి. ఎండ తగిలినా, గర్భం వచ్చినా, గర్భనిరోధక మాత్రలు వేసుకున్నా, చివరికి ఒక మొటిమ గిల్లినా రంగు కుమ్మరిస్తాయి. బుగ్గల మీద, పైపెదవి మీద, నుదుటి మీద పరుచుకునే మంగు అలా వచ్చేదే. కళ్ల కింద నలుపు, మెడ మీదా కణతల దగ్గరా పులిపిర్లలా లేచే చిన్న నల్ల బుడిపెలు కూడా మన చర్మానికి వయసు వస్తోందనడానికి ముందు గుర్తులు. నలభైల్లో ఉన్న తెలుగు స్త్రీ అద్దంలో చూసుకుని దిగులుపడేది ముడత చూసి కాదు, చాలాసార్లు మచ్చ చూసి. ఆ వయసులో ఆమెకు బొటాక్స్ అమ్మడం అంటే తలనొప్పికి కాలికి కట్టు కట్టడమే.

మంగు విషయంలో ఇంకో చిక్కుంది. డెట్రాయిట్ పరిశోధకులు 2010లో అతినీలలోహిత కిరణాలే కాక, కంటికి కనిపించే మామూలు వెలుతురును కూడా వేర్వేరు రంగుల చర్మం మీద ప్రసరింపజేసి చూశారు. తెల్లచర్మం మీద దాని ప్రభావం కనిపించలేదు. ముదురు చర్మం మాత్రం నల్లబడి, ఆ నలుపు రోజుల తరబడి నిలిచింది. మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుతురును ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆపగలదు. మిద్దె మీద వడియాలు పెట్టేవాళ్లకూ, మధ్యాహ్నం స్కూటీ మీద పిల్లల్ని బడినుంచి తెచ్చేవాళ్లకూ, చేలో నాట్లు వేసేవాళ్లకూ అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ఇది. చీర కొంగు ముఖానికి అడ్డంగా చుట్టుకునే పాత అలవాటు కూడా ఈ వెలుతురును కొంతవరకు ఆపుతుంది.

ఎండ తర్వాత చెప్పుకోవలసింది హార్మోన్ల సంగతి. దీనికి తెలుగు రాష్ట్రాలతో నేరుగా సంబంధం ఉంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ పడిపోతుంది. తర్వాతి మొదటి అయిదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుందని లెక్క. ఆపైన తరుగుదల ఏటా 2 శాతం చొప్పున సాగుతుంది. చర్మం పలచబడటం, పొడిబారడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం అప్పుడే మొదలవుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఆ రోజే జరిగిపోయినట్టు. అండాశయాలు ఉంచినా అవి కాస్త ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం ఉంది. ముప్పై అయిదేళ్లకే ముఖం వాడిపోయిందని బాధపడే పల్లెటూరి స్త్రీకి ఈ సంబంధం చెప్పేవాళ్లు అరుదు. ఆమెకు ఎముకలూ గుండే చర్మం కన్నా పెద్ద సమస్య అవుతాయి. ముఖంలో మార్పు ఆ సంగతి ముందుగా చెబుతున్నా ఎవరూ పట్టించుకోరు.

చర్మం కింద ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. కంటిగూటి ఎముక వయసుతో కొద్దిగా వెడల్పవుతుంది. దవడ ఎముక తగ్గుతుంది. బుగ్గల్లో విడివిడి సంచుల్లా ఉండే కొవ్వులో కొన్ని కరుగుతాయి, కొన్ని కిందికి జారతాయి. గుంజలు కుంగిన పందిరి మీద గుడ్డ కొత్తదైనా వదులుగానే వేలాడుతుంది. ముక్కు పక్కనుంచి పెదవి చివర దాకా దిగే గీత, కంటి కింద పల్లం ఇలా ఏర్పడతాయి. వీటికి క్రీములు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక్కడ వాడేది ఫిల్లర్. ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్ జెల్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగురు ద్రవం నుంచి తొలిసారి వేరుచేసిన పదార్థమిది. మన చర్మంలో, కీళ్లలో సహజంగానే ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. పల్లంలోకి ఎక్కిస్తే ఆ చోటు నిండుతుంది, కొన్ని నెలల్లో నెమ్మదిగా కరిగిపోతుంది.

బొటాక్స్ పని తీరు దీనికి పూర్తిగా వేరు. సీసా అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లటి పొడి. అందులో సెలైన్ కలిపి, సన్నటి సూదితో కనుబొమల మధ్య అయిదు చోట్ల, మొత్తం 20 యూనిట్లు ఇస్తారు. అది నరాల చివళ్లలోకి పోయి స్నాప్-25 అనే ప్రొటీన్‌ను తెంపుతుంది. దాంతో కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ విడుదల ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో మార్పు మొదలై, రెండు వారాలకు పూర్తిగా కనిపించి, మూడు నాలుగు నెలల్లో పోతుంది. కనుబొమలు ముడిచినప్పుడు పడే గీతలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మంగుకు, జారిన బుగ్గలకు చేసేదేమీ లేదు. మందు పక్కకు పాకితే కనురెప్ప కొన్ని వారాలు వాలిపోవచ్చు.

ఇంత శ్రమ స్త్రీలే ఎందుకు పడతారన్న ప్రశ్నను అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ 1972లోనే లేవనెత్తారు. మగవాడికి కుర్రతనపు అందం ఒకటి, పెద్దరికపు అందం ఇంకొకటి ఉన్నాయనీ, ఆడదానికి మాత్రం కుర్రతనపు అందమే మిగిల్చారనీ ఆమె వాదన. తెలుగు ప్రేక్షకుడికి దీన్ని వివరించనక్కర్లేదు. 'బాహుబలి'లో ప్రభాస్‌కు కన్నతల్లిగా వేసిన అనుష్క ఆయన కన్నా రెండేళ్లు చిన్న. పెంచినతల్లి శివగామిగా వేసిన రమ్యకృష్ణకు ఆయనకు తేడా తొమ్మిదేళ్లే. ఇద్దరూ గొప్పగా చేశారు, కథకు ఆ పాత్రలు కావాలి, అది వేరే మాట. వరసలు తారుమారై ఒక హీరో తన కన్నా పెద్ద హీరోయిన్‌కు తండ్రిగా వేయడం మాత్రం మన తెరమీద దాదాపు కనబడదు.

ఫోను ఈ దిగులును మరింత పెంచింది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్న తల్లి, అతని ముఖం ఎంతసేపు చూస్తుందో మూల ఉన్న చిన్న గడిలో తన ముఖమూ అంతసేపే చూస్తుంది. ఆ ముఖం నిజం కాదు. అడుగు దూరంనుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల దూరంనుంచి తీసిన ఫొటోలో కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టారు. ముందు కెమెరాలో కనిపించిన ముఖాన్ని బట్టి చికిత్సకు బయల్దేరకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరుగుతున్నది మెరుగైన క్లినిక్కుల్లో కాదు, మందుల షాపు కౌంటరు దగ్గర. చర్మ వైద్యుల ఓపీలో రోజూ జరిగేదే. ముఖం ఎర్రగా, పలచగా, సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తూ, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి ఒకావిడ వస్తుంది. "ఏం రాస్తున్నారమ్మా?" అని అడిగితే, "మామూలు క్రీమేనండీ, మా ఆడపడుచు చెప్పింది, మంగు పోతుందని" అంటూ పర్సులోంచి నలిగిన ట్యూబు తీస్తుంది. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. వైద్యుడి పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడాల్సిన మందును ఆవిడ ఏళ్ల తరబడి పౌడర్ లాగా రాసింది. మానేస్తే మంట, దురద, ఎరుపు. అందుకని మళ్లీ రాస్తుంది. ఈ స్థితికి భారతీయ వైద్యులే 2008లో పేరు పెట్టారు, 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపు మాత్రం వెతికితే గానీ దొరకదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

పెళ్లిళ్ల సీజన్‌కు ముందు నగరాల్లో జోరుగా అమ్ముడయ్యే గ్లూటాథయాన్ ఇంజెక్షన్లు కూడా ఈ కోవలోవే. చర్మాన్ని తెల్లబరిచే ఇంజెక్షన్ వేటికీ అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లేదు. లేజర్ల విషయంలో జాగ్రత్త ఇంకోలా ఉండాలి. వాటిలో చాలావాటిని మొదట తెల్లచర్మం మీద పరీక్షించి తయారుచేశారు. అదే శక్తితో మన చర్మం మీద వాడితే కాలిన చోట కొత్త నలుపు వస్తుంది, మంగు ముందుకన్నా ముదురుతుంది. చేయి తిరిగిన వైద్యులు శక్తి తగ్గించి, ముందు చిన్న చోట పరీక్షించి మొదలుపెడతారు. మంగుకు కొందరికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు బాగా పనిచేస్తాయి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే గైనకాలజిస్టు ఇచ్చే మందే ఇది. కానీ రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు వేసుకోకూడదు.

ఫిల్లర్ వేయించుకోవాలని నిశ్చయించుకున్న స్త్రీ, ఖర్చు గురించి మాట్లాడే ముందే డాక్టరును ఒక ప్రశ్న అడగాలి. హయలురోనిడేస్ మీ దగ్గర ఉందా అని. జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం వెంటనే పాలిపోయి, తర్వాత వలలాంటి నీలి మరకలతో చచ్చుబడుతుంది. కంటికి వెళ్లే నాళం మూసుకుపోతే చూపే పోవచ్చు. ఇది అరుదే. కానీ జరిగినప్పుడు నిమిషాల లెక్క. హయలురోనిడేస్ ఆ జెల్‌ను కరిగించే ఎంజైము. బజారుకు మనిషిని పంపి తెప్పించుకునే వ్యవధి ఉండదు కాబట్టి, సూది వేసే గదిలోనే ఆ సీసా ఉండాలి.