చిన్న ఫోనుతోనూ సాయం అడగవచ్చు

మన అనంతపురం ఎర్రనేలల్లో వాన మొగం చాటేస్తే, చెనిక్కాయ పైరు ఊడలు దిగే వేళకే వాడిపోతుంది. ఆ నష్టానికి సాయం రావాలంటే మీ పంట ముందుగా ఈ-పంట లెక్కలోకి ఎక్కాలి. "మాకు స్మార్ట్‌ఫోను లేదే, ఎట్లా?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. అది ఉన్నవారు చాలా పనులు ఇంట్లోనే ముగించుకుంటారు; లేనివారు కూలి మానుకుని తిరగాలి. కరువు ఏట ఆ ఒక్కరోజు కూలీ బరువే.

అయితే దారి లేకపోలేదు. ఈ-పంట నమోదుకు మీ ఫోనుతో పనిలేదు; గ్రామ వ్యవసాయ సిబ్బంది పొలం చూసి, ఫోటో తీసి ఎక్కిస్తారు. పైరు నిలిచి ఉండగానే రైతు సేవా కేంద్రానికి పోయి పేరు సరిచూసుకోండి. 2019లో వచ్చిన పి.ఎం.కిసాన్ సొమ్ము, ఏడాదికి 6,000 రూపాయలు. ఆధార్‌కు ఫోను జతకాకున్నా, కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో ఇ-కెవైసి చేయించుకోవచ్చు.

పైరు సందేహాలకు 2004లో పెట్టిన కిసాన్ కాల్ సెంటర్ ఉంది: 1800-180-1551. మీటల ఫోను చాలు, ఖర్చు లేదు, తెలుగులోనే జవాబిస్తారు.

ఒక్క హెచ్చరిక. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. అంకెలు అడిగే అపరిచితులకు చెప్పకండి. చదువుకున్న పిల్లలున్న ఇంటివారు, పొరుగింటి పేరు కూడా చూసిపెట్టండి.