సంతకెళ్లిన మాట

డొంకరాయిలో బస్సు ఆగితే డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. చింతూరు వైపు నుంచి ఎక్కి వచ్చినా, సీలేరు వైపు నుంచి దిగి వచ్చినా ఘాట్ రోడ్డు ఒళ్లు హూనం చేసే వదులుతుంది. టీ చుక్క పడందే ఎవరూ కదలరు. నేను దూరిన కొట్టు రేకుల పాక. పొయ్యి దగ్గర ఒకావిడ. బల్ల మీద ముగ్గురు కుర్రాళ్లు, ముగ్గురికీ కలిపి ఒక ఫోను, అందులో ఎవరో అమ్మాయి రీలు.

"సరుకు అదిరిందిరా," అన్నాడు ఒకడు.

పక్కనే పసుపు బస్తాకి ఆనుకుని కూర్చున్న ముసలాయన చప్పున తల తిప్పాడు. "ఏం సరుకు బాబూ? డిపోలో ఎంతిస్తన్నారు?"

కుర్రాళ్లు పడీ పడీ నవ్వారు. ఆయనా కాస్త నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఈ కొండల్లో సరుకంటే పసుపు, చింతపండు, కరక్కాయ, కొండచీపుళ్లు. వారపు సంతకో, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ డిపోకో నెత్తిన పెట్టుకుని దింపేవాళ్లు. తరవాత ఇదే మాటకి గంజాయి అనే అర్థం అంటుకుంది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించే నాటికి, ఈ దారిలో "సరుకుందా?" అని ఎవరైనా అడిగితే పసుపు రైతు కూడా ఉలిక్కిపడాల్సిన పరిస్థితి. ఇక మూడో అర్థం ఆ ఫోనులో ఉంది. అది కొండ మీద పండింది కాదు, కింద ఒళ్లమ్ముకునే చోటు నుంచి వచ్చింది.

ఒళ్లమ్ముకునే చోట పుట్టిన మాటలంటే మనకేవో చీకటి మాటలు, వినకూడని మాటలు గుర్తొస్తాయి. కానీ ఆ వ్యాపారానికి సొంత భాషంటూ పెద్దగా లేదు. సరుకు, రేటు, బేరం, గిరాకీ, పార్టీ, సెటప్ అన్నీ బజారులోంచి ఎరువు తెచ్చుకున్నవే. పక్కింటివాడికీ పోలీసుకీ అనుమానం రాకుండా ఉండాలంటే అందరూ వాడే మాటకి మించిన ముసుగు ఏముంటుంది? అక్కడిదాకా అది బతుకుతెరువు తెలివి. చిక్కల్లా మాట తిరిగొచ్చినప్పుడే. సినిమా హాల్లోంచి, కాలేజీ గోడ మీద నుంచి, ఇప్పుడు ఫోన్లోంచి అది మళ్లీ ఇంట్లోకి వస్తుంది. వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో రాదు.

ఇంటర్ చదివే రోజుల్లో బస్టాండులో నిలబడ్డాను. ఎవరో వెనక నుంచి మెల్లగా "వస్తావా?" అన్నాడు. తెలుగులో ఇంతకన్నా అమాయకమైన క్రియ లేదు. అమ్మ అన్నానికి పిలిచినా అదే మాట, స్నేహితురాలు సినిమాకి పిలిచినా అదే మాట. ఆ రోజు ఇంటికెళ్లాక అమ్మ వంటింట్లోంచి "వస్తావా, వడ్డించేశాను" అంటే నాకు చేతులు వణికాయి. మాటకేం కాలేదు. నాకే అయింది.

మాటలు మైలపడే ఈ తంతు కొత్తది కాదు. సాని అన్న మాట చూడండి. స్వామిని నుంచి వచ్చిందంటారు. దొరసానిలో అదే ఉంది, పురుడు పోసే మంత్రసానిలోనూ అదే ఉంది. ద్రాక్షారామం లాంటి గుళ్ల శాసనాల్లో సానులు అఖండదీపాలకి దానాలిచ్చిన దాతలు. ముందు దొర అనో మంత్ర అనో చేరిస్తే నేటికీ గౌరవమే. తోడు లేకుండా ఒంటరిగా నిలబెడితే మాత్రం తిట్టు. ఆడవాళ్లకి జరిగేదే మాటకీ జరిగిందన్నమాట. భోగం సంగతీ అంతే. అంగరంగ భోగాలని శాసనాలు రాసేది దేవుడికి జరిగే సేవ గురించి. ఆ రంగభోగంలో ఆడి పాడినవాళ్లు భోగంవాళ్లు. దేవుడి భోగానికి ఇప్పటికీ కర్పూరహారతి పడుతున్నారు, ఆడినవాళ్ల భోగాన్ని తిట్ల మూటలో కట్టేశారు.

ఈ మాటని సంపాదకులు అచ్చువేస్తారో లేదో గానీ, భట్టిప్రోలులో బౌద్ధస్తూపం ఉన్న మట్టిగుట్టని ఊరివాళ్లు తరతరాలుగా లంజదిబ్బ అనే పిలిచారు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వితే రాతి పేటికలు, వాటి లోపల స్ఫటిక భరిణ, ధాతువులు, బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. ఘంటసాలలోనూ అదే పేరుతో ఒక దిబ్బ ఉంది. ఎవరిదో తెలియని పాతకాలపు వైభవం కనిపిస్తే, అది వేశ్య కట్టించిందే అయి ఉంటుందని ఊరి ఊహ కాబోలు. అందులో తిట్టుందో, ఆ సంపద పట్ల అబ్బురముందో నేను తేల్చలేను. రెండూ ఉన్నాయనే నా అనుమానం.

అదే 1892లో విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. సాని అన్న మాట ఆ నాటకంలో ప్రతివాడి నోటా నలుగుతుంది. అందులోని వేశ్య మధురవాణిని ఆ మాటతో చులకన చేసేవాళ్లే ఎక్కువ. మరి నాటకంలో నిజంగా అమ్మకానికి పెట్టిందెవర్ని? అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు కూతురు సుబ్బిని. కొనేది లుబ్ధావధాన్లు. దాని పేరు మాత్రం సంబంధం. నూటికి పైగా ఏళ్లు గడిచినా మన ఇళ్లలో పెళ్లి బేరం కుదిరిందనే అంటాం, ఎవరూ ఉలిక్కిపడరు.

డొంకరాయి చుట్టుపక్కల కొండరెడ్లలో మగపెళ్లివారు ఆడపిల్ల ఇంటికి ఓలి ఇస్తారు. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగులు కొందరు దీన్ని పిల్లని కొనుక్కోవడం అని వెక్కిరించడం నేను విన్నాను. అన్నవాళ్లందరూ కట్నం పుచ్చుకున్నవాళ్లే. ఓలి అన్న మాటకి మాత్రం ఇంతవరకూ ఏ వాసనా అంటలేదు. డబ్బు నలుగురి ముందు చేతులు మారుతుంది, మాటా నలుగురి ముందే ఉంటుంది.

తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. అశ్లీలమని వీరేశలింగం గారి వంటి పెద్దలే అప్పటికే తేల్చేశారు. కవయిత్రీ పరిష్కర్తా ఇద్దరూ దేవదాసీ కుటుంబాలవాళ్లు. మగకవులు అంతకు మించి రాసిన శృంగారం సంగతేమిటని నాగరత్నమ్మ నిలదీసింది. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం పుణ్యాన తొలగింది. దేవదాసీలుగా అర్పించడాన్ని ఆపుతూ మద్రాసు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. చట్టం ఆచారాన్ని ఆపింది, మాటని ఆపలేదు. కళావంతులన్న పేరు కూడా కొంతకాలానికి గుసగుసగా మారితే, ఆ కులంవాళ్లు సూర్యబలిజలన్న మరో పేరు వెతుక్కోవాల్సి వచ్చింది.

మనుషులు పేరు మార్చుకోగలరు, ఊళ్లేం చేస్తాయి? పెద్దాపురం ఉంది. వత్సవాయి వారి సంస్థానం, పాండవుల మెట్ట, ఆషాఢంలో మరిడమ్మ జాతర. తెలుగు సినిమా హాస్యానికి ఇవేవీ పట్టలేదు, పట్టింది సానుల ఊరన్న ముద్రే; ఊరి పేరు ఎత్తితే చాలు హాలంతా నవ్వు. ఆ ఊరి పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో "కాకినాడ దగ్గర" అని సరిపెట్టడం నాకు తెలుసు.

బురద ఎవరికి ఎంత అంటుతుందన్నదే నన్ను తినేసే లెక్క. బ్రోకరన్న మాట తిట్టయ్యాక స్థలాలమ్మేవాళ్లు బోర్డు మార్చేసి కన్సల్టెంట్లయ్యారు. ఇంగ్లీషులోనైతే పింప్ అన్న మాటకి ఏకంగా కిరీటమే పెట్టారు. పాత కార్లకి సోకులు చేసే కార్యక్రమానికి 2004లో ఎంటీవీ పెట్టుకున్న పేరు పింప్ మై రైడ్. ఇక మన పేపర్లో నేరవార్త చదవండి. పీటా (వ్యభిచార నిరోధక చట్టం) కేసులో దొరికిన ఆడమనిషి వ్యభిచారిణి, లేదా "నిర్వాహకురాలు". మగవాడో? విటుడు. మృచ్ఛకటికంలో శ్లోకాలు చదివే పాత్ర పేరది! వెయ్యి రూపాయలిచ్చి లాడ్జిలో దొరికిన మనిషికి సంస్కృత నాటకంలోంచి బిరుదు తెచ్చి తగిలిస్తున్నాం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, తీర్పుల్లో ఆడవాళ్లని కించపరిచే మాటలు వాడొద్దంటూ ఒక చేతిపుస్తకమే తెచ్చింది. విలేకరుల డెస్కుల మీదా ఒకటి ఉండాల్సింది.

ఐటెం మాట తీసుకోండి. పచారీ చీటీలో ఉండాల్సిన మాట. జ్యోతిలక్ష్మి, జయమాలిని రోజుల్లో క్లబ్ డాన్స్ అనేవాళ్లు. తరవాత అది ఐటెం సాంగ్ అయింది, సాంగ్ రాలిపోయి అమ్మాయే ఐటెం అయింది. ముంబైలో 2015లో పదహారేళ్ల పిల్ల జడ లాగి ఆ మాట అన్నవాడికి 2022లో ప్రత్యేక కోర్టు ఏడాదిన్నర జైలు వేసింది. మన పెళ్లి సంగీత్‌లలో ఆరేళ్ల పిల్లల చేత ఐటెం సాంగ్‌కి చిందులేయించి అమ్మమ్మలు దిష్టి తీస్తున్నారు.

కమిట్‌మెంట్ కథ ఇంకా ఈమధ్యది. 2018లో హైదరాబాదు ఫిల్మ్ చాంబర్ ముందు ఒక నటి నిరసనకి దిగాక, అవకాశం కావాలంటే పక్కలోకి రావాలన్న సినిమావాళ్ల లోపలి అర్థం ఊరందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి "నాకు పని మీద కమిట్‌మెంట్ ఉంది సార్" అంటే, ఎక్కడో ఓ మూల కుర్చీ కిర్రుమంటుంది.

ఆంటీ సంగతి చెప్పనే లేదు. 2022 ఆగస్టులో తనని ఆంటీ అని ట్రోల్ చేసేవాళ్ల మీద కేసు పెడతానని యాంకర్ అనసూయ అన్నప్పుడు, "ఆంటీ అంటే తప్పేంటి, వరసే కదా" అని బుద్ధిమంతుల్లా అడిగినవాళ్లు కోకొల్లలు. వాళ్ల ఫోన్లలో ఆ మాట టైపు చేస్తే ఏ బొమ్మలొస్తాయో వాళ్లకి తెలియదా?

డొంకరాయి టీకొట్టావిడకి తెలుసు. కుర్రాళ్లు లేచి "ఆంటీ, ఎంతయింది?" అన్నారు. ఆవిడ గరిటె ఆపలేదు.

"అక్కా అను, పిన్నీ అను. అది మాత్రం అనకు. ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు?"

"అందరూ అంటారు కదా..."

"అందరి దగ్గరే తాగు టీ."

కుర్రాడు చిల్లర లెక్కపెట్టి, గొంతు తగ్గించి, అక్కా అన్నాడు. అక్క డబ్బాలో వేసుకుంది. బస్సు హారన్ కొట్టింది. ముసలాయన లేచి పసుపు బస్తా మీద చెయ్యేసి, "నాయనా, ఈ సరుకు కాస్త పైకెత్తండి," అన్నాడు. వాళ్లలో చిన్నవాడికి మళ్లీ నవ్వొచ్చింది. పెద్దవాడు మోచేత్తో ఒక్కటి పొడిచి, వంగి బస్తా అంచు పట్టుకున్నాడు.