మీకు తెలుసా? ఆ పట్టకంలో ఒక రంగు తక్కువ!

వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే బస్సులో ఎవరి టీషర్టు మీదైనా నల్లని రంగుపై గాజు పట్టకం, అందులోంచి రంగుల చార కనిపిస్తే ఓసారి లెక్కపెట్టండి. బడిలో మనం చదువుకున్నవి ఏడు రంగులు. ఇక్కడ ఆరే! ఇండిగో లేదు.

అది 1973లో వచ్చిన రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అట్ట బొమ్మ. లండన్‌కు చెందిన హిప్నోసిస్ డిజైన్ సంస్థ రూపొందించింది, జార్జ్ హార్డీ గీశారు.

▪ ముందు అట్టపై బ్యాండ్ పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

▪ అట్ట విప్పితే రంగుల చార లోపలికీ సాగుతుంది. అందులోని ఆకుపచ్చ గీత ఈసీజీలోలా ఎగిరిపడుతుంది. ఆల్బమ్ మొదలయ్యేదీ, ముగిసేదీ గుండె చప్పుడుతోనే మరి!

▪ వెనక అట్టపై పట్టకం తలకిందులుగా ఉంటుంది. అట్టలను విప్పి పక్కపక్కనే పేరిస్తే చార తెగకుండా సాగిపోతుంది. రికార్డుల షాపులో వరసగా అలంకరించడానికి భలే కిటుకు!